రాయి చుట్టూ కంచె, మనిషి చుట్టూ కంచె: కింబర్లీ గనుల చరిత్ర

తొలకరి వానలు పడగానే కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి ప్రాంతాల్లోనూ, అనంతపురం జిల్లా వజ్రకరూరు చుట్టుపట్లా జనం తలలు వంచుకొని చేలల్లో నడుస్తూ కనిపిస్తారు. వాన కడిగిన మట్టిలో రాయి ఏదైనా మెరుస్తుందేమోనని వెదికే వాళ్లు వాళ్లంతా. చేను ఒకరిది, కళ్లు ఇంకొకరివి. దొరికిన రాయి చివరకు చేరేది వ్యాపారి పెట్టెకు. ఆ వజ్రకరూరు నేల అడుగున, భూగర్భం నుంచి వజ్రాలను పైకి మోసుకొచ్చిన ఒక రకం అగ్నిశిల ఉన్నది. శాస్త్రజ్ఞులు దాన్ని కింబర్లైటు అంటారు. దక్షిణాఫ్రికాలోని కింబర్లీ పట్టణాన్నిబట్టి 1887లో ఆ రాతికి ఆ పేరు పెట్టారు. ఆ పట్టణానికేమో 1873లో, అప్పటి బ్రిటిషు వలసల మంత్రి అయిన కింబర్లీ ప్రభువు పేరు పెట్టారు. ఈ విధంగా ఒక ఇంగ్లీషు మంత్రిగారి పేరు ఆఫ్రికా మీదుగా వచ్చి మన రాయలసీమ రాతికి కూడా అంటుకున్నది.

వజ్రం మాట వస్తే మనవాళ్లకు గోల్కొండ గుర్తుకు వస్తుంది. అది సహజమే. 18వ శతాబ్ది ఆరంభం వరకు ప్రపంచ విపణికి వజ్రాలు పోయింది ముఖ్యంగా ఈ దేశం నుంచే. అందులోనూ కృష్ణాతీరం నుంచి. 17వ శతాబ్దిలో ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే కొల్లూరు గనిని చూచి, అక్కడ అరవై వేల మంది పనిచేస్తున్నారనీ, మగవాళ్లు తవ్వుతుంటే ఆడవాళ్లూ పిల్లలూ మట్టి మోస్తున్నారనీ రాశాడు. ఆ కొల్లూరు నేడు పులిచింతల జలాశయం నీటికింద ఉన్నది. కోహినూరు ఏ రాజు చేతి నుంచి ఏ రాజు చేతికి పోయిందో మన విద్యార్థులు గడగడా చెప్పగలరు. ఆ అరవై వేల మందిలో ఒక్కరి పేరు కూడా మనకు తెలియదు. వజ్రాన్ని చూచి గనిని చూడకపోవడం మన కావ్యాలకూ, మన చరిత్ర గ్రంథాలకూ ఉమ్మడిగా ఉన్న పాత జబ్బు.

కొల్లూరు కూలీలను గురించి మనకు మిగిలినవి యాత్రికుల మాటలు మాత్రమే. కింబర్లీ సంగతి అలా కాదు. అక్కడ ప్రభుత్వ శాసనాలున్నాయి, కంపెనీ పద్దులున్నాయి, కోర్టు తీర్పులున్నాయి. ఆధునిక పెట్టుబడి ఒక మారుమూల పచ్చికబయలులోకి అడుగుపెట్టి, ఇరవై ఏళ్లలోపల అక్కడి నేలనూ మనిషినీ రాతినీ ఎలా మార్చిందో అంచెలంచెలుగా చూడవచ్చు. ఆ చూపులో రెండు కంచెలు కనిపిస్తాయి. ఒకటి రాయి చుట్టూ వేసినది: వజ్రం విపణిలోకి అవసరానికి మించి రాకుండా అడ్డుకునే గుత్తాధిపత్యం. రెండవది మనిషి చుట్టూ వేసినది: పాసు, కాంపౌండు. ఈ రెండు కంచెలూ ఒకే ఊళ్లో, ఒకే కాలంలో, ఒకే మనుషుల చేతుల మీదుగా లేచాయి. దక్షిణ, మధ్య ఆఫ్రికా దేశాల ఆర్థిక చరిత్ర చాలవరకు ఆ రెండు కంచెలు విస్తరించిన చరిత్రే.

1

1867లో కేప్ వలసలోని హోప్‌టౌన్ దగ్గర, ఆరెంజి నది తీరాన తొలి వజ్రం బయటపడింది. 1869లో ఒక గ్రిక్వా గొర్రెలకాపరికి 83 కారట్లకు మించిన రాయి దొరికింది. వాన్ నీకెర్క్ అనే భూస్వామి అయిదు వందల గొర్రెలు, పది ఎద్దులు, ఒక గుర్రం ఇచ్చి దాన్ని తీసుకొని, 11,200 పౌన్లకు అమ్ముకున్నాడు. 1871లో డీబీర్ అన్నదమ్ముల పొలం పక్క గుట్టమీద వజ్రాలున్నాయని కనిపెట్టినది ఫ్లీట్‌వుడ్ రాస్టోర్న్ అనే తెల్లవాని దగ్గర పనిచేసే డేమన్ అనే సేవకుడు. ఆ గుట్టే తర్వాత కింబర్లీ గని అయింది. 1908లో, అప్పటికి జర్మనీ చేతిలో ఉన్న నైరుతి ఆఫ్రికాలో, ల్యూడెరిట్జ్ రేవు సమీపాన రైలుపట్టాల మీది ఇసుక తోడుతూ జకారియాస్ లెవాలా అనే కూలీ ఒక వజ్రాన్ని గుర్తుపట్టాడు. అతడు అంతకుముందు కింబర్లీలో పనిచేసినవాడు, రాతిని ఎరిగినవాడు. దాన్ని తీసుకుపోయి పై అధికారి ష్టావుక్‌కు ఇచ్చాడు. ష్టావుక్ కోటీశ్వరుడయ్యాడు. లెవాలాకు ప్రతిఫలం ముట్టలేదు. కనిపెట్టిన చెయ్యి వేరు, సొంతం చేసుకున్న చెయ్యి వేరు. వజ్రాల చరిత్రలో ఇది పదేపదే జరిగినదే.

వజ్రాలు దొరికిన నేల ఎవరిది? గ్రిక్వాలు తమదన్నారు, వారి నాయకుడు నికొలాస్ వాటర్‌బోయర్. ట్లాపింగ్ తెగవారు తమదన్నారు. ఆరెంజి ఫ్రీ స్టేటులోని బోయర్లు తమదన్నారు. 1871లో బ్రిటిషు గవర్నరు కీట్ మధ్యవర్తిగా కూర్చొని వాటర్‌బోయర్ వైపు తీర్పు చెప్పాడు. న్యాయం జరిగిందనిపిస్తుంది. కాని వాటర్‌బోయర్ అప్పటికే బ్రిటిషు రక్షణ కోరి ఉన్నాడు. తీర్పు వచ్చిన సంవత్సరమే ఆ ప్రాంతాన్ని బ్రిటిషువారు తమ రాజ్యంలో కలుపుకున్నారు. 1876లో ఫ్రీ స్టేటుకు 90,000 పౌన్లు ఇచ్చి నోరు మూయించారు. 1878 నాటికి, భూములు చేజారిన గ్రిక్వాలు తిరుగుబాటు చేయవలసిన స్థితికి వచ్చారు. తిరుగుబాటు అణిగిపోయింది. రక్షణ కోరినవానికి రక్షకుడే యజమాని కావడం మన సంస్థానాల చరిత్ర చదివినవారికి కొత్త విషయం కాదు.

2

గని మొదటి రోజుల్లో పెద్ద పెట్టుబడి లేదు. కొండను దాదాపు ముప్ఫై అడుగుల చదరాలుగా కోసి క్లెయిములన్నారు. ఒక్కొక్కరికి రెండు క్లెయిములకు మించి ఉండరాదన్నారు. ఇంగ్లండు నుంచీ, ఆస్ట్రేలియా నుంచీ, కేప్ నుంచీ వచ్చిన చిన్న మనుషులు పలుగూ పారా పట్టుకొని గుడారాలు వేశారు. ఎవరి గుంట వారిది. తమ సంఘాలు తామే పెట్టుకొని, తమ నియమాలు తామే రాసుకున్నారు. కొందరు చరిత్రకారులు దీన్ని ప్రజాస్వామ్యపు ఉషస్సులాగా వర్ణిస్తారు.

ఆ ఉషస్సులో ఏం జరిగిందో చూడాలి. క్లెయిములున్నవారిలో నల్లవారూ, మిశ్రజాతివారూ ఉన్నారు. తవ్వేచోట వారు తెల్ల చిన్నయజమానికి పోటీ. పైగా దొంగరాళ్లు కొనేది వాళ్లేనన్న నెపం దొరికింది. 1872లో తెల్ల తవ్వకందార్లు గుంపులు కట్టి గుడారాలు తగలబెట్టారు. నల్లవారికి లైసెన్సులు రద్దు చేయాలని పట్టుబట్టారు. ప్రభుత్వం 1872లో 14వ శాసనం చేసింది. ఆ శాసనంలో నల్లవాడన్న మాట లేదు, పనివాడు అన్న మాట ఉన్నది. ప్రతి పనివాడూ ఒప్పందం నమోదు చేయించుకోవాలి, పాసు దగ్గర ఉంచుకోవాలి. యజమాని వారంటు లేకుండానే అతణ్ణి సోదా చేయవచ్చు. క్లెయిము కావాలంటే మేజిస్ట్రేటు దగ్గర మంచి నడవడి పత్రం తెచ్చుకోవాలి. ఆచరణలో పనివాడంటే ఎవడో, నడవడి పత్రం ఎవరికి దొరకదో అందరికీ తెలుసు. చట్టం నోట సమానత్వం, చేత వివక్ష.

ఇక్కడ మనం నిలిచి ఆలోచించవలసిన విషయం ఒకటుంది. వర్ణవివక్ష అనేది పెద్ద పెట్టుబడిదారులు పైనుంచి పన్నిన కుట్ర అని మన వ్యాసాల్లో తరచు తేలికగా రాస్తుంటాం. కింబర్లీలో దాన్ని మొదట కోరినది చిన్న ఆస్తిపరుడు. తన గుంట పక్కన మరొకరి గుంటను సహించలేనివాడు. పెద్ద పెట్టుబడి తర్వాత వచ్చి, ఆ ఆయుధాన్ని సిద్ధంగా చూచి చేతికి తీసుకున్నది. చిన్న ఆస్తిపరుని ఆగ్రహమంతా అభ్యుదయమే అని నమ్మేవారికి ఇది పాఠం.

ఆ చిన్న ఆస్తిపరుని గతి కూడా చూద్దాం. లోతుకు పోయినకొద్దీ గుంటల మధ్య వదిలిన బాటలు కూలిపోయాయి. అంచుల నుంచి రాతిచరియలు విరిగిపడ్డాయి. నీరు ఊరింది. గని చుట్టూ సాలెగూడులాగా తీగలు కట్టి, బకెట్లతో మట్టి పైకి లాగారు. నీరు తోడడానికి ఆవిరి యంత్రాలు కావాలి. యంత్రాలకు డబ్బు కావాలి. క్లెయిముల పరిమితిని 1876లో పూర్తిగా ఎత్తివేశారు. 1875లో నల్లజెండా ఎగరేసి తిరుగుబాటు చేసిన తవ్వకందార్లు ఓడిపోయారు. గుంటలు కంపెనీల పాలయ్యాయి. స్వంతదారులుగా వచ్చిన తెల్లవారు చాలామంది మేస్త్రీలుగా, యంత్రం తోలేవారుగా కూలికి కుదిరారు. తెల్లచర్మం ఆస్తిని కాపాడలేకపోయింది; పై మెట్టును మాత్రం మిగిల్చింది.

3

గనిలోకి దిగినవారు ఎవరు? ఉత్తరాన పేడీలు, దక్షిణాన సోతోలు, తూర్పున మొజాంబిక్ వైపు సోంగాలు. వందల మైళ్లు కాలినడకన వచ్చి, కొన్ని నెలలు పనిచేసి తిరిగిపోయేవారు. తొలినాళ్లలో వారిని అక్కడికి తెచ్చినది ఆకలి ఒక్కటే కాదు. కూలిడబ్బుతో వారు కొన్నది తుపాకి. తమ భూమిమీదికి వస్తున్న బోయర్లనూ ఇంగ్లీషువారినీ ఎదుర్కోవడానికి తెగ నాయకులే కుర్రవాళ్లను గనులకు పంపేవారు. కూలి తగ్గిస్తే మూట కట్టుకొని ఊరికి పోయేవారు. వెనక భూమి ఉన్నది, పశువులున్నాయి, నాయకుడున్నాడు. అలాంటి కూలీ, యజమానికి చాలా ఖరీదైన కూలీ.

కాబట్టి అతని వెనక ఉన్న బలాన్ని విరగ్గొట్టవలసివచ్చింది. 1878లో కేప్ ప్రభుత్వం ఆఫ్రికన్ల నుంచి ఆయుధాలు లాక్కునే శాసనం చేసింది. 1879లో జులూ రాజ్యం కూలింది. అదే ఏడాది పేడీ నాయకుడు సెకుకునే ఓడిపోయాడు. 1880-81లో బసూటోలు తుపాకులు అప్పగించం అని యుద్ధం చేసి నిలిచారు. అందుకే ఆ పోరాటానికి తుపాకుల యుద్ధమని పేరు. ఈ యుద్ధాలకు వజ్రాలొక్కటే కారణమంటే అతిశయోక్తి. కాని వాటి ఫలితం గనికి అనుకూలించింది. తుపాకి కొనుక్కోవడానికి వచ్చినవాని కొడుకు పన్ను కట్టడానికి రావలసివచ్చింది.

తర్వాతి మెట్టు కాంపౌండు. 1885లో కింబర్లీ సెంట్రల్ కంపెనీ, 1886లో డీబీర్స్ కంపెనీ తమ ఆఫ్రికన్ కార్మికులను మూసిన ఆవరణలో పెట్టాయి. ఎత్తయిన గోడలు, లేదా ఇనుపరేకుల కంచె. లోపలివారు రాళ్లు బయటికి విసరకుండా పైన తీగవల. ఒప్పందం ముగిసేదాకా కొన్ని నెలలపాటు బయటికి పోరాదు. కాంపౌండు నుంచి గనికి, గని నుంచి కాంపౌండుకు. తిండి, బట్ట, సమస్తమూ కంపెనీ కొట్లోనే కొనాలి. అందువల్ల తమ బేరాలు పోయాయని ఊళ్లోని తెల్ల వ్యాపారులే గగ్గోలు పెట్టారు. ఒప్పందం ముగిసిన తర్వాత కొన్ని రోజులు కార్మికుణ్ణి బట్టలు లేకుండా గదిలో ఉంచి, చేతులకు తోలు తొడుగులు తగిలించి, విరేచనాల మందు ఇచ్చి, మలంలో రాళ్లు వెదికేవారు. ఆ తర్వాతే ఇంటికి సెలవు.

ఇదంతా దొంగతనం అరికట్టడానికేనన్నారు యజమానులు. దొంగతనం జరిగిన మాట నిజమే. అయితే తెల్ల కార్మికులు దొంగిలించేవారు కారా? 1883లో కంపెనీలు తెల్లవారిని కూడా బట్టలు విప్పి సోదా చేస్తామన్నాయి. వాళ్లు సమ్మె కట్టారు. 1884లో మళ్లీ సమ్మె చేశారు. ఆ సమ్మెలో తుపాకులు పేలి కార్మికులు చనిపోయారు. సమ్మె ఓడింది గాని, ఆ అవమానం నుంచి తెల్ల కార్మికుడు తప్పించుకున్నాడు. అతడు తన ఇంట్లో భార్యాపిల్లలతో ఉన్నాడు. నల్ల కార్మికుడు కంచెలోకి పోయాడు. దొంగతనమే కారణమైతే కంచె ఇద్దరికీ ఉండాలి. ఒకరికే వేశారంటే కారణం రాయి ఒక్కటే కాదన్నమాట. మూసిన ఆవరణలోని కూలీ సోమవారం పని ఎగ్గొట్టలేడు, ఎక్కువ కూలి ఇచ్చే పక్క కంపెనీకి పోలేడు, బేరం ఆడలేడు. కంపెనీకి కావలసినది అది. ఒకే గనిలో పనిచేసే ఇద్దరు కార్మికుల మధ్య గోడ కట్టి, ఒకనికి అవమానం తప్పించి, రెండవవానికి రెట్టింపు చేసి, ఇద్దరినీ ఏలడం అక్కడ నేర్చారు.

యజమానులకు కార్మికుని ప్రాణంమీద ఎంత శ్రద్ధ ఉన్నదో మరొక సంఘటన చెబుతుంది. 1883-84లో కింబర్లీకి మశూచి వచ్చింది. మశూచి అని తెలిస్తే కూలీలు పారిపోతారు, కట్టెలూ ధాన్యమూ తెచ్చే బళ్లు ఆగిపోతాయి. అందుచేత కొందరు డాక్టర్లు అది మశూచి కాదు, ఏదో చర్మవ్యాధి అని ధ్రువపత్రాలిచ్చారు. జనం వందలకొద్దీ చచ్చారు. వారిలో ఎక్కువమంది ఆఫ్రికన్లు. ఆ డాక్టర్లలో లియాండర్ జేమ్సన్ ఒకడు. సెసిల్ రోడ్స్‌కు ప్రాణమిత్రుడు. 1895 చివర ట్రాన్స్‌వాల్ మీద దండెత్తి అభాసుపాలై, 1904లో కేప్ వలసకు ప్రధానమంత్రి అయిన జేమ్సన్ ఇతడే.

కాంపౌండు కార్మికుడు మన పాఠ్యగ్రంథాల్లోని స్వేచ్ఛా వేతనకార్మికుడు కాడు. బానిసా కాడు. పెట్టుబడి పాత వ్యవస్థను బద్దలుకొట్టి రైతును పూర్తి కార్మికుణ్ణి చేస్తుంది, ఎంత క్రూరమైనా అది చారిత్రకంగా ముందడుగు అని కొందరు మిత్రులు వాదిస్తారు. కింబర్లీలో పెట్టుబడి ఆ పని చేయలేదు, చేయదలచుకోలేదు. అతణ్ణి సగం రైతుగానే ఉంచింది. గనిలో ఉన్నన్నాళ్లు అతనొక్కడి కడుపుకు సరిపడే కూలి. భార్య, పిల్లలు, ముసలితనం, జబ్బు - ఈ ఖర్చంతా ఊళ్లోని భూమి, ఆడవాళ్ల శ్రమ భరించాలి. అందుకోసం ఊరు బతికి ఉండాలి. కాని తనంతట తాను బతకగలిగేంత బలంగా ఉండరాదు. 1894లో రోడ్స్ తెచ్చిన గ్లెన్ గ్రే చట్టం దీన్ని దాపరికం లేకుండా చెప్పింది: జిల్లా బయట మూడు నెలలు కూలికి పోని మగవాడు పది షిల్లింగుల పన్ను కట్టాలి. 1913 భూమి చట్టం దేశంలోని భూమిలో దాదాపు ఏడు శాతాన్ని మాత్రమే ఆఫ్రికన్లకు విడిచింది. కొండచీకటిలో తవ్వినవాని కూలి వెనక, ఊళ్లో చేను దున్నిన అతని భార్య కూలిలేని శ్రమ దాగి ఉన్నది. వజ్రం ధరలో ఆ శ్రమ కూడా ఉన్నది. ఏ పద్దులోనూ అది లేదు.

4

ఇక రాయి చుట్టూ వేసిన కంచె సంగతి. వజ్రానికి ఒక చిక్కు ఉన్నది. ఎక్కువ దొరికితే విలువ పడిపోతుంది. బొగ్గు, ఇనుము ఎక్కువ దొరికితే పరిశ్రమ పెరుగుతుంది. నగలో పొదిగే వజ్రం ఎక్కువైతే అది గులకరాయి. 18వ శతాబ్దిలో బ్రెజిల్ వజ్రాలు వచ్చిపడినప్పుడు పోర్చుగీసు రాజు తవ్వకాలను తన గుప్పిట్లో పెట్టుకున్నాడు. కింబర్లీలో రాజు చేసిన పనిని కంపెనీ చేసింది.

రోడ్స్ 1871లో కుర్రవాడుగా కింబర్లీ వచ్చాడు. నీరు తోడే యంత్రాలు అద్దెకిచ్చి గడించాడు. 1880లో డీబీర్స్ కంపెనీ పెట్టాడు. లండనులోని రోత్‌షీల్డు బ్యాంకు అప్పుతో పోటీ కంపెనీలను మింగాడు. 1888లో డీబీర్స్ కన్సాలిడేటెడ్ మైన్స్ ఏర్పడింది. 1889లో కింబర్లీ సెంట్రల్ కంపెనీని 53,38,650 పౌన్ల చెక్కుతో కొన్నది. ప్రపంచ వజ్రాల ఉత్పత్తిలో దాదాపు తొంభై పాళ్లు ఒక్క కంపెనీ చేతికి వచ్చాయి. వెంటనే అది చేసిన పని ఉత్పత్తి తగ్గించడం. తక్కువ తవ్వి, లండనులోని వ్యాపారుల కూటమి ఒక్కదానికే అమ్మి, ధర పెంచింది. కార్మికులు వేలాదిగా వీధిన పడ్డారు. ధర పెరగడానికి కారణం భూమిలో కొరత కాదు. ద్వారం దగ్గర కాపలా.

ఆ కంపెనీ వ్యవస్థాపక పత్రంలో వజ్రాలు తవ్వడమొక్కటే లేదు. రాజ్యాలు సంపాదించే అధికారం కూడా ఉన్నది. 1889లో రోడ్స్ బ్రిటిషు దక్షిణాఫ్రికా కంపెనీకి రాణి అనుమతిపత్రం పొందాడు. లింపోపో నది దాటి, నేడు జింబాబ్వే, జాంబియా అనే దేశాలుగా ఉన్న నేలమీద తన పేరు చెక్కించుకున్నాడు. కాంపౌండు కూడా ప్రయాణం చేసింది. 1886లో విట్‌వాటర్స్‌రాండ్‌లో బంగారం బయటపడినప్పుడు కింబర్లీ పద్ధతి కొద్ది మార్పులతో అక్కడికి పోయింది. 1917లో ఆంగ్లో అమెరికన్ కార్పొరేషన్ పెట్టిన ఎర్నెస్ట్ ఓపెన్‌హైమర్ 1929లో డీబీర్స్ అధ్యక్షుడై, రెండు సామ్రాజ్యాలనూ ఒక ఇంటి కిందికి తెచ్చాడు. ప్రపంచంలో ఎక్కడ వజ్రం దొరికినా తన అమ్మకపు సంస్థ ద్వారానే విపణికి పోవాలన్న ఏర్పాటు ఇరవయ్యవ శతాబ్ది చివరిదాకా సాగింది. వజ్రం శాశ్వతం అనే ప్రకటన వాక్యం 1947లో ఒక ప్రకటనల కంపెనీలో పుట్టింది. పెళ్లి ఉంగరంలో వజ్రం లేకపోతే ప్రేమే లేదని అమెరికా యువకులను నమ్మించింది. కంచె లోపల ఉత్పత్తి తగ్గింపు, బయట కోరిక పెంపు.

5

ఇదే పద్ధతి మధ్య ఆఫ్రికాలో వలస రాజ్యాన్నిబట్టి రకరకాల వేషాలు వేసింది. కాంగోలో 1906లో బెల్జియం రాజు లియొపోల్డ్, అమెరికను కోటీశ్వరులు కలిసి ఫోర్మినియేర్ కంపెనీ పెట్టారు. 1907లో కసాయి ప్రాంతంలో వజ్రాలు బయటపడ్డాయి. అక్కడివి ఎక్కువగా నగలకు పనికిరాని, పరిశ్రమలకు పనికివచ్చే రాళ్లు. ఇనుము కోయడానికీ, రాయి తొలవడానికీ వాడేవి. 1960లో కాంగో స్వతంత్రమైన కొద్ది వారాలకే, ఆగస్టులో, వజ్రాల ప్రాంతమైన దక్షిణ కసాయి ఆల్బర్ట్ కలోంజీ నాయకత్వాన తెగిపోయి, గనుల రాజ్యమని ప్రకటించుకున్నది. వెనక కంపెనీ అండ ఉన్నది. అంతకుముందే రాగి నేల కటంగా తెగిపోయింది. దేశమంతా ఒక్కటిగా ఉండాలన్న లుముంబా 1961 జనవరి 17న కటంగాలో హతుడయ్యాడు. గని ఎక్కడున్నదో సరిహద్దు అక్కడ పుట్టింది.

అంగోలాలో 1917లో డియామాంగ్ కంపెనీ పుట్టింది. లుండా ప్రాంతంలో అది తానే ప్రభుత్వం. వలస అధికారులు ఊళ్లనుంచి మనుషులను బలవంతంగా పట్టి ఇస్తే, కంపెనీ పని చేయించుకున్నది. 1975లో అంగోలా స్వతంత్రమైంది గాని, యుద్ధం ఆగలేదు. 1992 తర్వాత సవింబీ యునిటా దళాలు ఆ నదీతీరాల వజ్రాలతోనే ఆయుధాలు కొన్నాయి. ఐక్యరాజ్యసమితి 1998లో నిషేధం విధించింది. రాళ్లు నిషేధాన్ని దాటి అంతర్జాతీయ విపణికి చేరుతూనే వచ్చాయి.

నెత్తురంటిన వజ్రాలను ఆపాలని 2000లో దేశాలూ కంపెనీలూ సమావేశమైనది కింబర్లీ ఊళ్లోనే. 2003 జనవరి 1 నుంచి కింబర్లీ ప్రక్రియ అనే ధ్రువపత్రాల ఏర్పాటు అమలులోకి వచ్చింది. దాని నిర్వచనం చూడండి: చట్టబద్ధమైన ప్రభుత్వాలను పడదోయడానికి తిరుగుబాటుదార్లు వాడుకునే ముడివజ్రాలే ఘర్షణ వజ్రాలు. ప్రభుత్వమే తుపాకి పడితే? జింబాబ్వేలోని మరాంగే పొలాల్లో 2006లో వజ్రాలు బయటపడగా పేదలు వేలాదిగా తవ్వుకోవడానికి పోయారు. 2008 చివర సైన్యం వచ్చి వారిని కాల్చింది. రెండు వందలమందికి పైగా చనిపోయారని మానవహక్కుల సంస్థలు లెక్క చెప్పాయి. 2011లో ఆ వజ్రాల ఎగుమతికి అనుమతి దొరికింది. ఆ ఏర్పాటుకు పునాది వేసినవారిలో ఒకటైన గ్లోబల్ విట్‌నెస్ సంస్థ ఆ ఏడాదే దాన్నుంచి తప్పుకున్నది. 2024 నాటికి కూడా ఆ నిర్వచనం మారలేదు. 1872 శాసనంలో పనివాడు అన్న మాట చేసిన పనినే ఇక్కడ తిరుగుబాటుదారు అన్న మాట చేస్తున్నది.

6

అయితే వజ్రం శాపమేనా? గనులను జాతి స్వాధీనం చేసుకుంటే సమస్య తీరదా? దీనికి బొత్స్వానాను చూపుతారు, చూపవలసినదే. 1966 సెప్టెంబరు 30న స్వతంత్రమైనప్పుడు అది ప్రపంచంలోని నిరుపేద దేశాల్లో ఒకటి. పట్టుమని పదిహేను కిలోమీటర్ల తారురోడ్డు లేదు. 1967లో ఒరాపాలో వజ్రాలు దొరికాయి. దొరికిన భూమి ఏ తెగదైనా ఖనిజం దేశానిదని అదే ఏడాది చట్టం చేశారు. సెరెత్సే ఖామా ప్రభుత్వం మొదట పదిహేను పాళ్లతో మొదలుపెట్టి, 1975 నాటికి డీబీర్స్‌తో సగం సగం వాటాకు వచ్చింది. 1982లో జ్వానెంగ్ గని తెరిచారు. ఆ ఆదాయంతో బడులు, ఆసుపత్రులు, రోడ్లు వచ్చాయి. కాంగోలోనూ అంగోలాలోనూ కాల్పులు జరుగుతున్న కాలంలో అక్కడ పిల్లలు బడికి పోయారు. దీన్ని తక్కువచేసి మాట్లాడేవాడు అభ్యుదయవాది కాడు.

కాని సగం యాజమాన్యం సగం ప్రశ్నకే జవాబు. 2004లో జీతాల కోసం సమ్మె చేసిన గని కార్మికులను నాలుగు వందలమందికి పైగా ఆ సగం జాతీయ కంపెనీయే పనినుంచి తీసివేసింది. మధ్య కలహారీ అభయారణ్యం నుంచి వెళ్లగొట్టిన సాన్ ప్రజలు కోర్టుకు పోయి, ఆ వెళ్లగొట్టడం అక్రమమని 2006లో తీర్పు తెచ్చుకోవలసివచ్చింది. ఇక ధర సంగతి. బొత్స్వానా రాళ్లను ఏరి అమ్మే బల్ల 2013 దాకా లండనులోనే ఉన్నది. ఆ తర్వాతే గాబరోనుకు వచ్చింది. వచ్చేసరికి బల్ల విలువే మారిపోతున్నది. యంత్రాల్లో తయారయ్యే వజ్రాలు చవకగా వచ్చి, సహజ వజ్రాల ధరను దించాయి. ఎగుమతుల్లో ఇంచుమించు అయిదింట నాలుగు వంతులు వజ్రాలే అయిన దేశం 2024లో కుంగిపోయింది. స్వాతంత్ర్యం నాటినుంచి ఏలిన పార్టీ ఆ ఏడాది ఎన్నికల్లో ఓడిపోయింది. అదే ఏడాది ఆంగ్లో అమెరికన్ సంస్థ డీబీర్స్‌ను వదిలించుకుంటానని ప్రకటించింది. గని దిగుబడి పడిపోతే పెట్టుబడి మూట సర్దుకొని పోగలదు, దేశం పోలేదు.

ఆ దెబ్బ మన దేశానికి కూడా తగిలింది. ప్రపంచపు వజ్రాల్లో పదింట తొమ్మిది రాళ్లు సానపట్టేది సూరత్‌లో. అక్కడి కార్మికుణ్ణి రత్నకళాకారుడని పిలుస్తారు. పేరు కళాకారుడు, కూలి ముక్కకింత. ధర పడగానే అతని పని రోజులు తగ్గాయి. జ్వానెంగ్ గనిలో డ్రిల్లు పట్టినవానికీ, సూరత్‌లో సానబల్ల దగ్గర కళ్లు అరగదీసుకునేవానికీ ఒకరి ముఖం ఒకరికి తెలియదు. వాళ్లిద్దరి మధ్య ఒక రాయి ప్రయాణం చేస్తున్నది. దాని చరిత్రను ఇద్దరికీ చెప్పవలసిన బాధ్యత మనవంటి వారిది.

7

కింబర్లీ నుంచి ఆ బాధ్యతను భుజాన వేసుకొన్న రచయిత ఒకడున్నాడు. సోల్ ప్లాట్యే 1894లో కింబర్లీ తపాలా కార్యాలయంలో తంతులు మోసే ఉద్యోగిగా చేరాడు. పత్రికలు నడిపాడు. షేక్‌స్పియర్‌ను త్స్వానా భాషలోకి తెచ్చాడు. 1912లో పుట్టిన ఆఫ్రికన్ జాతీయ కాంగ్రెసుకు తొలి కార్యదర్శి. 1913 భూమి చట్టం వచ్చినప్పుడు ఊరూరా తిరిగి, పశువులతో పిల్లలతో రోడ్డున పడ్డ కుటుంబాలను కళ్లారా చూచి 1916లో పుస్తకం రాశాడు. నవల రాసిన చేత్తోనే సాక్ష్యం కూడా రాశాడు. 1960 మార్చి 21న షార్ప్‌విల్లులో పాసులకు ఎదురుతిరిగిన 69 మందిని కాల్చిచంపారు. ఆ ఉద్యమాన్ని నడిపిన రాబర్ట్ సొబుక్వేను జైలునుంచి విడిచిన తర్వాత ప్రభుత్వం కింబర్లీలోనే నిర్బంధించింది. 1978లో అక్కడే కన్నుమూశాడు. గనికూలీల సోదాకు పాసు పుట్టించిన ఊళ్లోనే, పాసును ఇంట్లో వదిలి రమ్మన్నవాడు ఖైదీగా చనిపోయాడు. పాసు చట్టాలు 1986లో రద్దయ్యాయి.

కింబర్లీ గని 1914లో మూతపడింది. నేడది పదిహేడు హెక్టార్ల వెడల్పున నీరు నిండిన గొయ్యి. యాత్రికులు టికెట్టు కొని, కమ్మీలు పట్టుకొని లోపలికి తొంగిచూస్తారు. ఊరి చుట్టూ పాత మట్టిదిబ్బలున్నాయి. పని లేని కుర్రవాళ్లు ఏళ్లతరబడి కాపలాదార్ల కన్నుగప్పి ఆ దిబ్బల్లో మట్టి జల్లించేవారు, పట్టుబడితే దొంగలు. 2018లో వారిలో వందలాదిమంది సంఘం పెట్టుకొని పోరాడి, కొన్ని దిబ్బలమీద తవ్వుకునే హక్కు చట్టప్రకారం సంపాదించారు. తాతలు తవ్విపోసిన మట్టిలో మనుమలకు మిగులు దొరికిందన్నమాట. అది చాలా చిన్న విజయం. అయినా నూట యాభై ఏళ్ల చరిత్రలో, రాయి దొరికినవాడు దాన్ని నాది అని పగటివేళ చెప్పగలిగిన సందర్భాలు వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. ఇది వాటిలో ఒకటి.

వచ్చే తొలకరికి మన వజ్రకరూరు చేలల్లో మళ్లీ జనం తలలు వంచుకొని నడుస్తారు. ఆ నేలలోని రాతి పేరు మా విద్యార్థి నన్ను అడిగితే, ఈ కథంతా చెప్పాలని ఉన్నది.